దస్తగిరికి అర్థ పరీక్ష

మనిషికి తిండి లేకపోయినా ఫరవాలేదు గానీ, పేరుకు అర్థం లేకపోతే రాష్ట్రం ముందుకు పోదని పెద్దలు తేల్చేశారు. అందుకే ఆంధ్ర రాష్ట్రం ఏర్పడిన ఏడాదే జమ్మలమడుగులో నామార్థ నిర్ధారణ కార్యాలయం వెలిసింది. పుట్టిన ప్రతి బిడ్డ పేరూ ఏ దేశానిదో, దానికి అర్థమేమిటో అక్కడే తేలాలి. (మధ్యలో రాష్ట్రమే పేరు మార్చుకుని ఆంధ్రప్రదేశ్ అయింది. దాన్ని మాత్రం ఎవరూ అర్థం అడగలేదు.) సంస్కృతం పేర్లకు ఒక కిటికీ, తెలుగు పేర్లకు ఒక కిటికీ. బైబిలు పేర్లు బుధవారం మాత్రమే చూస్తారు. అరబ్బీ, పారశీక పేర్లకు కిటికీ మంజూరైంది గానీ, దాన్ని పెట్టడానికి గోడ ఇంకా మంజూరు కాలేదు.

ముద్దనూరు దగ్గర సేద్యం చేసుకునే పార్వతమ్మ చంటికొడుకును చంకనేసుకుని ఆ ఆఫీసు ముందు బండి దిగింది. ఆమెకు తొలిచూలు బిడ్డ దక్కలేదు. ఈసారి బిడ్డ నిలిస్తే నీ పేరే పెట్టుకుంటానని దర్గాలో దస్తగిరి సామికి మొక్కుకుంది. (ఆ వైపు హిందువుల ఇళ్లలో హుస్సేనప్పలకూ మస్తానమ్మలకూ కొదవలేదు. పీర్లు ఎవరినీ అర్జీ పెట్టుకోమనలేదు.) మాట తప్పితే వీడూ దక్కడేమోనని ఆమె భయం.

నామార్థ పరిశీలకుడు యజ్ఞనారాయణ కళ్లజోడు సవరించుకున్నాడు.

"పేరు?"

"దస్తగిరి, సామీ."

"ఇది పారశీక దేశపు సరుకమ్మా. ఏ దారిన తెచ్చారు?"

"ముద్దనూరు దారినే సామీ, బండిలో."

ఆయన శ్రద్ధగా రాసుకున్నాడు. అర్థం చెప్పడానికి ప్రొద్దుటూరు నుంచి పారశీకం తెలిసిన ఫకీర్ సాహెబ్‌ను పిలిపించారు.

"చెయ్యి పట్టుకుని ఆదుకునేటోడని అర్థం సామీ. ఇంతకంటే మంచి పేరు యాడుంది?"

యజ్ఞనారాయణ ముఖం వెలిగిపోయింది. "అయితే కరావలంబరావు అని రాద్దాం. అర్థం అదే, పైగా కిటికీ ఉంది."

"ఏంది సామీ ఆ పేరు! అట్ల పిలిస్తే మొక్కు తీరిందని పీరుకెట్ల తెలుస్తాది?" పార్వతమ్మ బిడ్డను గట్టిగా హత్తుకుంది. "దస్తగిరి అనే రాయల్ల."

అప్పుడు ఆయన అసలు నిబంధన బయటికి తీశాడు. అర్థం పేరులో ఉంటే చాలదు, పేరు పెట్టుకున్నవాడిలోనూ కనబడాలి. పరీక్ష కోసం కుడిచేతి వేలు చాపాడు. బిడ్డ గభాలున పట్టుకున్నాడు, ఇక వదల్లేదు. బంట్రోతు గిలక ఆడించాడు. ఫకీర్ సాహెబ్ కాకిలా అరిచాడు. వరసలో నిలబడ్డవాళ్లు వేలిని వదిలించే ఉపాయాలు తలా ఒకటి చెప్పారు. లాగేకొద్దీ వాడు కిలకిలా నవ్వుతూ పట్టు బిగించాడు. ఆఫీసంతా నవ్వులే. పార్వతమ్మ కూడా శానా కాలానికి మనసారా నవ్వింది.

"చూసినారా సామీ, అర్థం!" అన్నాడు ఫకీర్ సాహెబ్.

యజ్ఞనారాయణ నిబంధనకు తలవంచాడు. కుడిచెయ్యి ఖాళీ లేదు కాబట్టి ఎడమచేత్తోనే 'అర్థం సరిపోయింది' అని రాసి సంతకం పెట్టాడు.

"నా మొదటోనికి చిరంజీవి అని పెడితే మీరే గదా సామీ ముద్రేసినారు," అంది పార్వతమ్మ, నవ్వు ఆగిపోయాక. "వానికేం పరీక్ష చేసినారు?"

"ఊపిరి ఆడుతోందా అని చూశాం. ఆడుతోంది. సరిపోయింది."

"ఆ ముద్ర తడి ఆరకముందే పాయ."

బిడ్డ ఇంకా వేలు వదల్లేదు. "మా పూచీ అర్థం వరకేనమ్మా," అన్నాడు ఆయన మెల్లగా. "ఆయుష్షు వేరే శాఖ. పోయినవాళ్ల పేర్లు కొట్టేసే అధికారం మాకు లేదు."

ఎడమచేతి సంతకం పాత సంతకంతో కలవలేదని కాగితాన్ని పులివెందుల పరిశీలక విభాగానికి పంపారు. అది ఇంకా అక్కడే ఉంది. దస్తగిరి ఇప్పుడు బడికి పోతున్నాడు, చెట్లెక్కుతున్నాడు, ఊరందరితో తిట్లు తింటున్నాడు. ఆఫీసు లెక్క ప్రకారం మాత్రం పార్వతమ్మకు ఒక్కడే కొడుకు. వాడి పేరు చిరంజీవి.