గేరుకు పన్ను కట్టిన డాక్టరు

ఆదివారం పొద్దున్నే పళ్ళ డాక్టరు గారు వేసుకున్న పథకం చాలా చిన్నది. కింది ఫ్లాటు లాయరు గారు పన్ను నొప్పని గోల పెడుతున్నారు కాబట్టి క్లినిక్కు తెరిచి ఆయన సంగతి చూసెయ్యడం, ఇంటికొచ్చి టిఫిను చెయ్యడం, పదకొండింటికల్లా కూతురి రిమోటు కార్ల పోటీకి వెళ్ళి గట్టిగా చప్పట్లు కొట్టడం. ఇందులో చెడిపోవడానికి ఏముందని ఎవరైనా అడగొచ్చు. డాక్టరు గారు ఉన్నారు.

ఇదివరకటి పోటీల్లో ఒక్కదానికీ ఆయన వెళ్ళలేదు. ప్రతిసారీ "వచ్చేస్తున్నా తల్లీ" అన్నారు, ప్రతిసారీ ఎవరిదో ఒక దవడ అడ్డం పడింది. కిందటిసారి సగం పరుగులో కారు మోటారు జారిపోయిందట. మిగతా పిల్లల పక్కన స్క్రూడ్రైవరు పట్టుకుని ఎవరో ఒకరు నిలబడి ఉన్నారు, ఈ పిల్ల పక్కన ఎవరూ లేరు. కారును చంకలో పెట్టుకుని ఇంటికొచ్చి, మాట్లాడకుండా భోంచేసి లేచింది. "ఏమైందే?" అంటే "ఏం లేదు" అంది. ఆ "ఏం లేదు" ఆయనకి అరగలేదు. అప్పటినుంచీ ఆ పిల్ల కారు గురించి ఆయన్ని ఏమీ అడగడం లేదు.

ఆ పొద్దున ట్యూషనుకు వెళుతూ కూతురు కారును హాల్లో బల్ల మీద పెట్టింది. "నాన్నా, దీన్ని ముట్టుకోకు. ఎలా ఉందో అలాగే ఉండాలి."

"నేనెందుకు ముట్టుకుంటానే?" అన్నారాయన చిన్నబుచ్చుకుని.

గుమ్మం దాటి ఆ పిల్ల చెప్పుల చప్పుడు వినిపించకుండా పోగానే ముట్టుకున్నారు. పైనున్న తొడుగు తీస్తే లోపలి వ్యవహారం తేలిగ్గానే అర్థమైంది. మోటారు కొసన చిన్న గేరు, దాని పక్కన చక్రాలను తిప్పే పెద్ద గేరు. రెండింటి పళ్ళూ ఒకదాంట్లో ఒకటి కూర్చుని తిరగాలి. మోటారును రెండు స్క్రూలతో ఒక రేకుకు బిగిస్తారు. స్క్రూల కన్నాలు పొడుగ్గా ఉంటాయి కాబట్టి మోటారును పెద్ద గేరు దగ్గరికి జరపొచ్చు, దూరం లాగొచ్చు. డాక్టరు గారు మోటారును వేలితో తాకి చూశారు. అది ఊగింది. ఊగే పన్నును చూసి ఊరుకోవడం ఆయన జన్మలో లేదు. పాపం, మళ్ళీ జారిపోతుంది కాబోలనుకుని కారును సంచీలో వేసుకుని క్లినిక్కుకి తీసుకుపోయారు.

లాయరు గారికి మత్తు ఇంజెక్షను ఇచ్చి, "మూతి మొద్దుబారేదాకా కళ్ళు మూసుకోండి" అని కుర్చీలో పడుకోబెట్టారు. తను పక్కగదిలోకి వెళ్ళి కారు బయటికి తీశారు. నర్సమ్మకి సంగతి చెబితే ఆవిడ నసిగింది.

"పాప ముట్టుకోవద్దందంటున్నారు కదా సార్?"

"పైపళ్ళూ కిందిపళ్ళూ ఎలా కలవాలో నాకు తెలీదా? ఇరవయ్యేళ్ళుగా చేస్తున్నదేమిటి మరి?"

పళ్ళ మధ్య పెట్టి కరిపించే నీలం రంగు కాగితం తెచ్చి గేర్ల మధ్య పెట్టారు. మోటారును బొటనవేలితో గట్టిగా నొక్కి, స్క్రూలు బిగించి, చక్రం తిప్పారు. ప్రతి పన్నుకీ మొదలంటా రంగు అంటుకుంది. ఎక్కడా వెంట్రుకంత సందు లేదు. కట్టుడు పళ్ళకైతే ఆయన్ని మెచ్చుకోవలసిందే. కానీ గేర్లు కొరకవు, తిరుగుతాయి. తిరిగేవాటికి కాస్త సందు కావాలని ఆయనకి తట్టలేదు.

రిమోటు నొక్కారు. కారు కుయ్యోమని ఏడ్చింది.

"మోటారు వేడెక్కిపోతోంది సార్!" అంది నర్సమ్మ.

"కొత్తలో అలాగే ఉంటుంది. గట్టిగా పట్టుకో, ఇంకోసారి తిప్పుదాం. పొగొస్తే ఆపేద్దాం."

పొగ రానే వచ్చింది. దాంతోపాటు టక్కుమని చప్పుడైంది. పెద్ద గేరులో ఒక పన్ను ఎగిరి డాక్టరు గారి చొక్కా జేబులో పడింది. ఆయన దాన్ని బయటికి తీసి చూశారు.

"విరిగింది. మంచి పన్నే, నేనే విరగ్గొట్టాను. ఎవరికీ చెప్పకు. ఏదో ఒకటి పెట్టి అతికించేద్దాం, పైకి తెలీదు."

గోడకి అవతల లాయరు గారు కళ్ళు తెరిచారు. నాలికతో తన పళ్ళు తడుముకుందామంటే నాలిక ఎక్కడుందో తెలియలేదు. మొద్దుబారిన మూతి, ముక్కుకు తగిలే కాలిన వాసన, చెవుల్లో డాక్టరు గారి మాటలు. ఎన్నో కేసుల్లో సాక్ష్యం విన్న మనిషికి ఇంతకన్నా ఏం కావాలి? మెడకి కట్టిన తువ్వాలుతోనే వెనక తలుపులోంచి పరుగు తీశారు.

ఇంటి దగ్గర తల్లీకూతుళ్ళు కారు కోసం మంచాల కింద దూరి వెతుకుతున్నారు. డాక్టరు గారి ఫోను ఆయన మరిచిపోయిన చోటే, అంటే కారుండాల్సిన బల్ల మీదే, మోగుతోంది. అంతలో లాయరు గారు రొప్పుతూ పైకొచ్చారు. ఎప్పుడూ మాటకు తడుముకోని మనిషికి ఇప్పుడు పెదవి వేలాడిపోయి చొంగ తప్ప మరేదీ బయటికి రాలేదు. క్లినిక్కు వైపు చెయ్యి చూపించారు. వేలు గిర్రున తిప్పారు. గాల్లో పొగ గీశారు. ఆఖరికి ఇక దేవుడే దిక్కన్నట్టు రెండు చేతులూ పైకెత్తారు.

డాక్టరు గారి భార్య గుండె జారిపోయింది. "అయ్యో, కరెంటు షాకా? మనిషి ఉన్నారా అన్నయ్యగారూ?"

ఇక జన్మలో ఆ క్లినిక్కుకి వెళ్ళనన్న అర్థంలో లాయరు గారు తల అడ్డంగా ఊపారు.

ఆవిడ కూలబడిపోయింది. కూతురే తల్లిని లేవదీసి ఆటో ఎక్కించింది. దారిలో పోటీ జరిగే చోటు నుంచి ఆ పిల్లకి ఫోనొచ్చింది. ఎవరన్నది చూసి ఎత్తలేదు. మళ్ళీ వచ్చింది. మళ్ళీ ఎత్తలేదు.

క్లినిక్కు తలుపు తోసేసరికి కనిపించిన దృశ్యం ఇది: లాయరు గారు ఖాళీ చేసిన కుర్చీలో మెత్తటి తువ్వాలు మీద కారు పడుకుని ఉంది. డాక్టరు గారు కళ్ళకి రంగద్దాలు పెట్టుకుని, పన్నులో సందు పూడ్చే ముద్దతో గేరుకు కొత్త పన్ను కట్టి, నీలం దీపం పట్టి గట్టిపరుస్తున్నారు. ఆ పన్ను మాత్రం ముచ్చటగా కుదిరింది. అది ఒప్పుకోవాలి.

"బతికే ఉన్నారా!" అంటూ భార్య భోరుమంది.

"ఉండక ఏమవుతాను?" అంటూ వెనక్కి తిరిగిన డాక్టరు గారు, కూతుర్ని చూసి నీళ్ళు నమిలారు. "అది కాదు తల్లీ... మోటారు ఊగుతోంటే... మళ్ళీ జారిపోతుందేమోనని..."

కూతురు కారును చేతిలోకి తీసుకుంది. అరుస్తుందనుకున్నారు. అరిచినా బాగుండేది.

"ఊగాలనే వదిలాను నాన్నా. ఏ సైజు చిన్న గేరు వెయ్యాలో అక్కడి ట్రాకు చూశాక తేలుతుంది. అప్పుడు బిగించాలి."

"నువ్వే బిగిద్దువుగాని. పద, ఇప్పుడే వెళదాం."

"నేను కాదు. ఈసారి పోటీ ఇద్దరిది. ఒకరు నడపాలి, ఒకరు బిగించాలి. బిగించేవాళ్ళ పేరు నీదే రాయించాను." ఆ పిల్ల కారు చక్రాన్ని వేలితో తిప్పింది. "అక్కడికొచ్చాక చెప్దామనుకున్నా. చప్పట్లు కొట్టడానికని వస్తావుగా, స్క్రూడ్రైవరు చేతికిద్దామని."

"ఇంకా టైముందేమో..."

"మొదలైపోయింది నాన్నా."

డాక్టరు గారు రంగద్దాలు తియ్యలేదు. తీస్తే కళ్ళు కనిపిస్తాయి. ఎన్నో పోటీల్లో ఆయన కోసం వెతుక్కున్న కూతురు, ఈసారి వెతుక్కునే పనే లేకుండా ఆయన పేరు రాయించింది. ముట్టుకోవద్దంటే తను అక్కర్లేదేమో అనుకున్నాడీ పెద్దమనిషి. ఒక్కపూట చేతులు కట్టుకుని కూర్చుంటే చాలు, తండ్రిగా నెగ్గేవాడు. అదే ఆయనకి చేతకాలేదు.

చివరికి కూతురే మందుల చీటీ కట్ట నుంచి ఖాళీ కాగితం ఒకటి చింపి, మడవకుండా గేర్ల మధ్య పెట్టింది.

"ఇలా పెట్టి, మోటారు జరిపి, అప్పుడు బిగించాలి. తర్వాత కాగితం లాగెయ్యాలి. ఆ కాగితమంత సందుండాలి. మరీ దగ్గరికి నొక్కేస్తే కదల్లేవు, మరీ దూరమైతే అరిగిపోతాయి. నువ్వు బిగించు."

"ఇప్పుడెందుకమ్మా? పోటీ పోయిందిగా?"

"బిగించు నాన్నా."

ఆయన బిగించారు. స్క్రూ రెండుసార్లు కింద పడింది, రెండుసార్లూ కూతురే ఏరి ఇచ్చింది. కాగితం లాగేసి రిమోటు నొక్కితే కారు చప్పుడు లేకుండా గది దాటి, లాయరు గారి చెప్పులను గుద్దుకుని ఆగింది. ఆయన గుమ్మంలో నిలబడి ఉన్నారు. మత్తు దిగిపోయి, నొప్పి మళ్ళీ మొదలై, గత్యంతరం లేక తిరిగొచ్చారు.

డాక్టరు గారు కట్టిన ఆ పన్ను ఇప్పటికీ చెక్కుచెదరలేదు. చుట్టూ ఉన్న అసలు పళ్ళే అరిగిపోయాయి.