ఖాళీ స్లాటు కేసు

"బావమరిదీ! ఈ గదిలో ఘోర నేరం జరిగింది. నేరస్థుడెవరో నా మెదడుకి అప్పుడే తెలిసిపోయింది. నాకే ఇంకా చెప్పలేదు!"

ఈ మాటన్నది మా అక్క మొగుడు. ఉద్యోగం బీమా ఆఫీసులో, ఊపిరి అపరాధ పరిశోధనలో. తనకి తానే ఇచ్చుకున్న బిరుదు డేగకన్ను. కళ్లజోడు తీస్తే ఆ డేగకి తన చెప్పులే కనబడవు.

నేరస్థలం అక్క లాప్‌టాప్. అక్క ఇళ్ల ప్లాన్లు గీస్తుంది. మొట్టమొదటిసారి సొంత పేరు మీద పని వచ్చింది. సాయంత్రంలోగా ప్లాను బిల్డరుకి చేరాలి. మెట్లు గియ్యబోయినప్పుడల్లా లాప్‌టాప్ బిగుసుకుపోతోంది. మెమరీ చాలట్లేదు, ఇంకో ముక్క వేయిస్తే సరి అన్నాను. అనకుండా ఉండాల్సింది.

బావ స్క్రూలు విప్పి వెనక మూత తీశాడు. లోపల రెండు స్లాట్లు. ఒకదాంట్లో వేలెడంత ఆకుపచ్చ మెమరీ ముక్క. రెండోది ఖాళీ.

"చూశావా? జంటలో ఒకడు మాయం! పట్టపగలు కిడ్నాపు!"

"అది కొన్నప్పట్నించీ ఖాళీయే బావా."

"అంటే కుట్ర ఎన్నాళ్లుగా సాగుతోందో చూడు! మిగిలిన సాక్షికైనా భద్రత కల్పించాలి."

ఏదో గొణుక్కుంటున్నాడులే అని నేను చెప్పులేసుకోవడానికి వెళ్లాను.

కంప్యూటర్ల కొట్టాయన మర్యాదగానే అడిగాడు. "పాత ముక్క తెచ్చారా? పోనీ లాప్‌టాప్ మోడల్ నంబరు చెప్పండి."

బావ నా చెవిలో, "ఆరా తీస్తున్నాడు, నోరు విప్పకు" అన్నాడు. తర్వాత గొంతు సవరించుకుని, "మనిషి సన్నగా ఉంటాడు. ఆకుపచ్చ ఒళ్లు. ఒక పక్కంతా బంగారు పళ్లు" అని ఆనవాళ్లు చెప్పాడు.

"మా కొట్లో అందరూ అలాగే ఉంటారండీ."

పొడుగ్గా ఉన్నవాడే గట్టివాడని బావ అన్నిట్లోకీ పొడుగాటి ముక్క తీసుకుని డబ్బు పడేశాడు. "అయ్యా, అది పెద్ద కంప్యూటర్లకి!" అని కొట్టాయన అరిచేసరికి మేం రోడ్డెక్కేశాం.

ఇంటికొచ్చాక అది దూరితేగా! బావ ఆకురాయి తెచ్చి అరగదీయబోతుంటే అక్క పరిగెత్తుకొచ్చింది.

"ఆగండి! అవునూ, లోపలున్న ముక్కేదండీ?"

రెండు స్లాట్లూ ఖాళీ! ఇప్పుడు లాప్‌టాప్ అసలు వెలగనే వెలగదు. బావ మొహం మాత్రం వెలిగిపోయింది.

"జంట అపహరణ!"

నా జేబులు దులిపించాడు. సోఫా దిండ్లు విసిరేశాడు. అక్క హ్యాండ్‌బ్యాగు నేలమీద బోర్లించాడు. అక్క కళ్లలో నీళ్లు తిరిగాయి.

"సాయంత్రంలోగా పంపకపోతే ఆ పని ఇంకొకళ్లకి ఇచ్చేస్తారురా తమ్ముడూ."

బావ ఒక్క క్షణం చేతులు నలుపుకున్నాడు.

"ఏడవకు. దొంగ ఆ కొట్టువాడే. పదండి!"

అక్క లాప్‌టాప్ చంకన పెట్టుకుని మాకంటే ముందు నడిచింది. కొట్లో అడుగుపెడుతూనే బావ, "సరుకు ఇక్కడే దాచాడు!" అంటూ కౌంటరు కిందికి వంగాడు. చొక్కా జేబులోంచి పెన్ను పడింది. దువ్వెన పడింది. భూతద్దం పడింది. ఆఖర్న ఆకుపచ్చ ముక్క పడింది.



"దొరికాడు!" అని అరిచాడు బావ.

కొట్టాయన ముక్క తీసి, మీదున్న చీటీ చదివాడు. "రకం, వేగం అన్నీ దీనిమీదే ఉన్నాయి కదండీ. పొద్దున్నే ఇది చూపిస్తే అప్పుడే జత ఇచ్చేవాణ్ణి" అంటూ దాని బంగారు పళ్లని రబ్బరుతో తుడిచి, జతతో సహా బిగించాడు. లాప్‌టాప్ వెలిగింది. అక్క కౌంటరు దగ్గర నిలబడే మెట్లు గీసి పంపేసింది. కొంచెంసేపటికి బిల్డరు ఫోన్.

"మెట్లు బాగా కుదిరాయమ్మా. పని మొదలుపెట్టేద్దాం."

అక్క నన్ను పట్టుకుని గంతులేసింది. బావ కాలరు సర్దుకున్నాడు.

"దొంగని బయటికి లాగడానికే సాక్షిని గుండెల దగ్గర దాచాను."

అక్క ఆయన చొక్కా జేబు వంకే చూసింది. అప్పుడే నాకు అనుమానం వచ్చింది.

మర్నాడు పొద్దున్నే బావ కేక.

"బావమరిదీ! నా చొక్కాలన్నిటికీ ఎవరో జేబుల నోళ్లు కుట్టేశారు! ఇది ఖచ్చితంగా పెద్ద ముఠా పనే!"

"అయ్యో, ఎవరై ఉంటారండీ?" అంది అక్క, ఆఖరి చొక్కా దారం పంటితో తెంపుతూ.