అడుసు లేని ఊళ్ళో కాళ్ళు కడిగిన వైనం

మా ఎన్‌కారె గ్రామం బుధవారం సాయంత్రానికి, ముసలీ ముతకా పిల్లా జెల్లాతో సహా, సంపూర్ణంగా రక్షింపబడినదని ఇందుమూలంగా యావన్మందికీ తెలియజేయడమైనది. గురువారానికి మిగిలినవి మేకలే.

ఎన్‌కారె అంటే మా మాసాయి మాటలో నీళ్ళు. ఊళ్ళో ఉన్న నీళ్ళన్నీ ఆ పేరులోనే ఉన్నాయి. తాగే నీళ్ళు కావాలంటే దూరాన వాగులో చెలమ తవ్వుకోవాలి. ఆడవాళ్ళు కోడి కూయకముందే క్యాన్లు తీసుకుని బయల్దేరితే, నొసటి పట్టెకు తగిలించి వీపున మోసుకుంటూ మిట్టమధ్యాహ్నానికి ఇల్లు చేరతారు. అందరిలోకీ పెద్ద క్యాను కొకో నోలారిది. కొకో అంటే అవ్వ. ఆమె నడుస్తుంటే ముందు మోకాళ్ళ చప్పుడు వినబడి, తర్వాత మనిషి కనబడుతుంది.

ఈ దుస్థితికి కరిగి, అమెరికాలోని ఒకానొక చర్చి నుంచి పదహారుమంది దయామయులు మా ఊరికి విచ్చేశారు. వారి నాయకులు బ్రదర్ వెండెల్ గారు. రాగానే ఊరందరికీ పసుపుపచ్చ చొక్కాలు పంచారు. ఆపైన, ఊరికి బోరు వేయిస్తామన్నారు. షరతు ఒక్కటే. పూసలు, ఎర్ర దుప్పట్లు, ఎగిరే ఆటలు మొదలైన పాత అజ్ఞానమంతా వదిలిపెట్టాలి. అలా జరిగితే ఆదివారం వీడ్కోలు సభలో బోరు ప్రకటిస్తారు.

మేము తక్షణమే వదిలిపెట్టాం. నిజానికి అప్పటికి ఆ అజ్ఞానం మా ఒంటిమీద లేదు. గుట్ట అవతల, మేము పనిచేసే చోట, కొక్కేలకు వేలాడుతోంది.

ఆ పని గురించి రెండు ముక్కలు. అభయారణ్యం దారిలో నైరోబీ ఆసామి ఒకాయన పల్లె ఒకటి కట్టించాడు. వాకిట్లో 'వెయ్యేళ్ళుగా మారని అసలు సిసలు మాసాయి పల్లె' అని బోర్డు పెట్టించాడు. కట్టి నాలుగేళ్ళయింది. సింహాల్ని చూడవచ్చే దొరల వ్యాన్లు ఆగినప్పుడు మేము వెళ్ళి, ప్యాంట్లు విప్పి దుప్పట్లు చుట్టుకుని ఎగురుతాం. కొకో ఒక పేడగుడిసె ముందు కూర్చుని, వచ్చినవాళ్ళ మీద పాలు చిలకరించి దీవిస్తుంది. మా ఇళ్ళల్లో మొక్కజొన్న పిండి ఉడికేది ఆ ఎగురుడుతోనే. మేము వెళ్ళకపోతే పక్క ఊరివాళ్ళు ఎగరడానికి కాళ్ళు దువ్వుతున్నారు.

ఇక బుధవారం ముచ్చట. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అన్నారు పెద్దలు. మా ఊళ్ళో అడుసు తొక్కే యోగమే లేదు. అడుసుకు ముందు నీళ్ళుండాలి. అయినప్పటికీ, వినయానికి గుర్తుగా, దయామయులు ఊరందరి కాళ్ళూ కడగాలని తీర్మానించారు. అందుకోసం మా ఆడవాళ్ళు సోమవారం నుంచి వాగుకూ ఊరికీ తిరిగారు. వెండెల్ గారు స్వయంగా కొకో ముందు మోకరిల్లి, ఆమె మోసుకొచ్చిన క్యాను నీళ్ళు ఆమె కాళ్ళమీదే పోసి, "నువ్వు నా తల్లివి. నీ ముఖం నా చివరి శ్వాసదాకా మరువను" అని కన్నీరు పెట్టుకున్నారు. నేల తాగుతున్న నీళ్ళను చూసి కొకో కూడా పెట్టుకుంది.

శనివారం ఉదయం వెండెల్ గారు ప్రసంగించారు. "సోదరులారా! సృష్టికర్తే ఏడోనాడు విశ్రమించాడు. మనమెంత? పదండి, సింహాల్ని చూద్దాం." వారమంతా తప్పిపోయిన గొర్రెల్ని వెదికినవారు ఆ రోజు సింహాన్ని వెదికారు. దొరికింది. చుట్టూ వ్యాన్లు మూగి ఉండగా వెల్లకిలా పడుకుని, నలుగురి మెప్పూ కోరని మహనీయుడిలా ఆవలించింది.

తిరుగు దారిలో డ్రైవరు వ్యాన్ను వెయ్యేళ్ళ పల్లె వైపు తిప్పాడు. అక్కడ డ్రైవర్లకు మేకమాంసంతో భోజనం ఉచితం. పక్కన దుబాసీగా కూర్చున్న మా పాస్టరు కోయికాయ్‌కి సూటు లోపల చెమట కాలువలు కట్టింది. ఇతగాడు కొకోకి మనవడి వరస.

వాకిట్లో మా కుర్రాళ్ళు ఎగురుతున్నారు. పైకి లేచినవాళ్ళు గాల్లో ఉండగానే వెండెల్ గారిని చూశారు. కిందికి దిగడానికి ఒక్కరికీ మనసొప్పలేదు. కానీ భూమి ఎవరినీ వదలదు కదా, దిగారు.

"ఏరా కోయికాయ్, ఈ మందని ఇటెందుకు తోలుకొచ్చావ్? బోరు కొంపముంచడానికా?" అంది కొకో, చిరునవ్వు చెదరకుండా పాలు చిలకరిస్తూ.

"నేను తోల్లేదే అవ్వా, డ్రైవరు తోలాడు. మాట్లాడకుండా దీవించు."

"దీవిస్తూనే ఉన్నా. వాడు దగ్గరికొస్తున్నాడు. గుర్తుపట్టి బోరు ఎగ్గొట్టాడంటే, వాగుదాకా నా మోకాళ్ళు నువ్వు మోస్తావా?"

వెండెల్ గారు వచ్చారు. కొకో ముఖంలోకి తదేకంగా చూశారు. ఆయన పాస్టరు వైపు తిరిగి, గద్గద కంఠంతో, "ఈ అభాగ్యురాలు తెల్లవాణ్ణి ఎప్పుడైనా చూసి ఉంటుందా? అడగండి" అన్నారు.

"అవ్వా, నువ్వు తెల్లవాణ్ణెప్పుడైనా చూశావా అంటున్నాడు."

కొకోకి అంతసేపూ ఉన్న భయం ఒక్కసారిగా పోయి, ఆ స్థానంలో కోపం వచ్చింది.

"ఓరి వీడి మొహం మండా! మొన్న నా కాళ్ళు కడిగింది ఎవడంట? వీడి తాతా? ఒక క్యాను నీళ్ళు మట్టిపాలు చేశాడు కదరా! తల్లివన్నాడు, మరువనన్నాడు, పూసలేసుకుంటే తల్లి మారిపోద్దా?"

పాస్టరు గొంతు సవరించుకున్నాడు. "చూడలేదట. కానీ మొన్న కలలో తెల్లని పురుషుడొకడు వచ్చి తన పాదాలు కడిగాడట."

వెండెల్ గారు అక్కడికక్కడే మట్టిలో కూలబడ్డారు. పదహారుమందీ ఏడ్చారు. మా కుర్రాళ్ళు, ఏం చేయాలో తోచక, మళ్ళీ ఎగిరారు.

ఆదివారం వీడ్కోలు సభలో మేమంతా పసుపు చొక్కాల్లో బుద్ధిగా కూర్చున్నాం. వెండెల్ గారు లేచారు. "ప్రియులారా! మీకు జీవజలం దొరికింది. ఇంక మీకేం కొరత? గుట్ట అవతల ఒక జాతి వెయ్యేళ్ళుగా చీకట్లో ఎగురుతోంది. అక్కడొక తల్లి పిలుపు విన్నాను. బోరు వాళ్ళకే. మీ త్యాగానికి మీరే చప్పట్లు కొట్టుకోండి!"

కొట్టుకున్నాం.

"ఆ ముసల్ది ఎవత్తోగానీ మహా అదృష్టవంతురాలు" అంది కొకో, చప్పట్ల మధ్యన.

బోరు పడింది. వెయ్యేళ్ళ పల్లె నడిబొడ్డున, ఆసామి కంచె లోపల. నీళ్ళు తియ్యగా ఉన్నాయి. అయితే లోపల ప్యాంటుగానీ చొక్కాగానీ కనబడరాదని ఆసామి ఆజ్ఞ, ఫొటోలు చెడతాయట. అందుచేత పూసలేసుకుని అన్యులుగా నీళ్ళు తోడుకుంటాం, గుట్ట దాటి చొక్కాలేసుకుని రక్షింపబడినవారిగా తాగుతాం. ఒకే క్యాను.

మరుసటి ఏడు దయామయులు మళ్ళీ వచ్చారు. గుట్ట అవతలివాళ్ళ మనసు ఇంకా మారలేదేమని పాస్టరును నిలదీశారు. మారితే బోరు యంత్రం నడవడానికి తాము పంపే డబ్బు ఇంకో చీకటి జాతికి తరలిపోతుందని కూడా తెలియజేశారు. అప్పట్నుంచీ మా చర్చిలో ప్రతి ఆదివారం, గుట్ట అవతలివాళ్ళ గుండెలు మరికొంతకాలం రాయిగానే ఉండాలని ప్రార్థన జరుగుతోంది. అందరికన్నా గట్టిగా ఆమెన్ అనేది కొకోయే.

బుధవారం నాడు యథావిధిగా కాళ్ళు కడిగారు. కొకో గుట్ట అవతలి బోరు నుంచి మోసుకొచ్చిన నీళ్ళే. వెండెల్ గారు ఆమె పాదాలు తుడుస్తూ, "అమ్మా, ఆ అవతలివాళ్ళని నీకు తెలుసా? వాళ్ళెలాంటివాళ్ళు?" అన్నారు.

కొకో మట్టిలోకి ఇంకుతున్న నీళ్ళను చూసింది.

"ఎందుకు తెలవదు నాయనా, బాగా తెలుసు. ఒట్టి మొండిరకం. దాహం తీరిందాకా మారరు."

పాస్టరు కోయికాయ్ తన జీవితంలో మొట్టమొదటిసారి ఒక్క అక్షరం మార్చకుండా దాన్ని అనువదించాడు. వెండెల్ గారికి అది ఎంత నచ్చిందంటే, ఈ ఏటి పసుపు చొక్కాల వీపుమీద ఆ మాటే అచ్చువేయించారు. అవి వేసుకునే ఇప్పుడు మేము నీళ్ళకు వెళ్తున్నాం. కంచె దాకా.