పేజీ నాలుగు, మనిషి రూపంలో

సమాజం ఒక గది. దానికి ఒకే తలుపు, ఆ తలుపు పక్కన ఒకే కిటికీ, ఆ కిటికీ వెనక ఒకే గుమాస్తా. ఇంత పెద్ద సత్యం ఇన్నాళ్లూ పండితుల కంట పడలేదంటే, వాళ్లు జైలుకి వెళ్లొచ్చి లైన్లో నిలబడకపోవడమే కారణం.

జైలు గేటు దాటిన మనిషి నేరుగా సమాజంలో పడతాడని చాలామంది అనుకుంటారు. పొరపాటు. మధ్యలో ఒక వరండా ఉంది. దాని పేరు పునఃప్రవేశ సహాయ కేంద్రం. 'ఈ వ్యక్తి సమాజంలో చేరాడు' అని కేంద్రం వారు ధ్రువపత్రం ఇచ్చేదాకా అతను లోపలా లేనట్టే, బయటా లేనట్టే. (అన్నం మాత్రం తినవచ్చు. దానికి ఫారం ఇంకా తయారు కాలేదు.)

ఒకటో తేదీ సోమవారం ఉదయం తొమ్మిదిన్నరకి బైండరు ఆ వరండాలోకి వచ్చాడు. ఎనిమిదేళ్లు జైలు ప్రెస్సులో పుస్తకాలు కుట్టి, అట్టలు అంటించి, చివరికి ఆ పనే పేరుగా మిగిలిన మనిషి. ఏం చేసి వెళ్లాడని అడక్కండి. చేసినదానికి ఇంత అని కోర్టు తేల్చింది, ఆ ఇంతా అతను అనుభవించాడు, అక్కడితో సరి. మళ్లీ అడిగే హక్కు కేంద్రానికి ఒక్కదానికే ఉంది. తొమ్మిదో గడిలో అడుగుతుంది కూడా.

కేంద్రం తలుపు దగ్గరగా వేసి ఉంది. బైండరు దాని ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఎనిమిదేళ్లలో అతను స్వయంగా తీసిన తలుపు ఒక్కటీ లేదు. తలుపంటే వేరెవరో తీసేదని అతని ఒంటికి అలవాటైపోయింది. ఎవరైనా తోసుకుని లోపలికి వెళ్తుంటే మర్యాదగా పక్కకి జరిగి దారిచ్చాడు. సాయంత్రం ఐదయ్యాక బంట్రోతు వచ్చి తాళం వేసి, రిజిస్టరులో ఇలా రాశాడు: 'అభ్యర్థి వచ్చెను. ప్రవేశించుటకు ఆసక్తి చూపలేదు.'

మర్నాడు అక్క వెంట వచ్చింది.

"ఒరేయ్, నెట్టరా! ఇంట్లో బాత్రూం ముందు కూడా ఇలాగే నిలబడుతున్నావు. ఎవరొచ్చి తీస్తారనుకున్నావు?"

నెట్టాడు. తెరుచుకుంది. అంత తేలిగ్గా తెరుచుకుంటుందని అతనికి తెలీదు.

లోపల హాల్లో అరవై మంది లైన్లో ఉన్నారు. గోడ మీద 'మీరు ఒంటరివారు కారు' అని పెద్ద అక్షరాల పోస్టరు ఉంది. లైను చూస్తే నిజమేననిపించింది. అందరికంటే ముందు ఒక దర్జీ ఆవిడ కుర్చీలో కూర్చుని చొక్కాకి గుండీలు కుడుతోంది. మూడేళ్లుగా వస్తోంది కాబట్టి కుర్చీ తనదే తెచ్చుకుంది.

ఇక్కడ బైండరు తొందరేమిటో చెప్పాలి. అతనికి ఒక కూతురు. వాగుతూనే ఉంటుంది కాబట్టి అందరూ పిచ్చుక అంటారు. తల్లి లేదు. మూడేళ్లప్పటి నుంచీ మేనత్తే పెంచింది. పిచ్చుకకిప్పుడు పదకొండేళ్లు, హైస్కూల్లో చేరాలి. ఫారం ఇవ్వడానికి ఆఖరి తేదీ ఇరవై. దాటితే సీటు ఇంకొకరికి పోతుంది. ఫారం మీద సంరక్షకుడి సంతకం కావాలి. ఇన్నాళ్లూ తండ్రి జైల్లో ఉన్నాడు కాబట్టి అత్త సంతకం చెల్లింది. ఇప్పుడు తండ్రి విడుదలయ్యాడు కాబట్టి అత్త సంతకం చెల్లదు. విడుదలైన తండ్రి ఇంకా సమాజంలో చేరలేదు కాబట్టి అతని సంతకమూ చెల్లదు. పిల్ల అటూ ఇటూ కాకుండా పోయింది. (దీన్ని స్కూలు వారు 'పిల్లల భద్రత' అంటారు.)

కిటికీ గుమాస్తా చెడ్డవాడు కాదు. (ఆఫీసు గురించి ఏం రాసినా ఈ వాక్యం ఉండి తీరాలి.) ఆరు పేజీల ఫారం ఇచ్చాడు. బైండరు రెండు గంటలు కూర్చుని పొందిగ్గా నింపి ఇచ్చాడు. గుమాస్తా పేజీలు తిప్పి, ఎర్ర సిరాతో అడ్డంగా గీత కొట్టాడు.

"నాలుగో పేజీ లేదు. తిరస్కరించాం. తర్వాతెవరు?"

అక్క కిటికీకి అడ్డం నిలబడింది. "ఫారం ఇచ్చింది మీరే కదండీ?"

"ఇవ్వడం మా పని. పూర్తిగా నింపడం మీ పని."

"లేని పేజీని ఎలా నింపుతారు బాబూ?"

"అందరూ అదే అడుగుతున్నారమ్మా. నాలుగేళ్ల నుంచీ."

నాలుగేళ్లలో మూడు వందల పదకొండు మంది దరఖాస్తు పెట్టారు. బైండరుతో మూడు వందల పన్నెండు. ఒక్కరూ సమాజంలో చేరలేదు. లోపమున్న దరఖాస్తు ఒక్కటైనా ఆమోదించని కార్యాలయంగా కేంద్రానికి వరసగా మూడుసార్లు ప్రశంసాపత్రం వచ్చింది. అది పోస్టరు పక్కనే వేలాడుతోంది.

"పోనీ, ఇతను ఇంకా చేరలేదనైనా రాసివ్వండి," అంది అక్క స్కూలు ఫారం చూపిస్తూ. ఆ ఫారం అడుగున ఒక గమనిక ఉంది: తండ్రి ఇంకా సమాజంలో చేరని పక్షంలో, ఆ సంగతి ధ్రువీకరించి కేంద్రం ముద్ర వేసినవారి సంతకమే సంరక్షకుడి సంతకంగా చెల్లుతుంది.

"చేరలేదని రాయాలంటే దరఖాస్తు పూర్తయి పెండింగులో ఉండాలమ్మా. మీవాడిది పూర్తే కాలేదు," అన్నాడు గుమాస్తా. నిజంగానే బాధపడ్డాడు.

ఈ సంభాషణ బైండరు చెవికెక్కలేదు. అతను ఫారం వెన్ను తడుముతున్నాడు. మూడు కుట్లు, నడిమి కుట్టు కాస్త ఎడంగా. అది తన చెయ్యి.

నాలుగేళ్ల కిందట ఒక రోజు జైలుకి పిచ్చుక మొదటి ఉత్తరం వచ్చింది. 'నాన్నా, నా ముందు పన్ను ఊడింది, చూడు' అని రాసి, పన్ను కాగితంలో చుట్టి పంపింది. తనిఖీ జమేదారు కవరు విప్పి, ఉత్తరం ఇచ్చి, పన్ను స్వాధీనం చేసుకుని రసీదు ఇచ్చాడు: 'పన్ను, పాలది, ఒకటి.' ఆ రోజంతా బైండరు చేతులు పని చేశాయి గానీ మనసు ఆ పన్ను దగ్గరే ఉంది. ఒకటి, రెండు, మూడు, అయిదు, ఆరు అంటూ వరస పేర్చి రెండు వేల ఫారాలు కుట్టేశాడు. సాయంత్రం చూస్తే నాలుగో పేజీల దొంతర బల్ల మీద అలాగే ఉంది. చెబితే శిక్షలో తగ్గించిన రోజులు మళ్లీ కలుపుతారు. నోరు మెదపలేదు. ఆ కాగితాలు కట్టలకి చుట్టడానికి వాడేశాడు.

ఆ సాయంత్రం ఇంట్లో సంగతంతా చెప్పాడు. అక్క తల పట్టుకుంది.

"చెప్పకు. చచ్చినా చెప్పకు. ప్రభుత్వ కాగితాలు పాడు చేశావని మళ్లీ లోపలేస్తారు. ఈ పిల్ల మొహం చూడు ఒకసారి."

చూశాడు. పిచ్చుక మొదటిసారి వాగడం ఆపి కూర్చుంది.

"నా పన్ను వల్లేనా నాన్నా?"

"కాదమ్మా. నా చేతి వల్ల."

భయమేసింది. భయం కంటే ఎక్కువగా సిగ్గేసింది. దర్జీ ఆవిడ సొంత కుర్చీ అతని కళ్ల ముందు నుంచి కదల్లేదు. మర్నాడు ఎవరికీ చెప్పకుండా వెళ్లి, తలుపు తనే నెట్టుకుని, సూపరింటెండెంటు మేడమ్ ముందు నిలబడి ఉన్నదున్నట్టు ఒప్పుకున్నాడు.

మేడమ్ కుర్చీలోంచి లేచింది. కళ్లద్దాలు తీసింది. బంట్రోతుని పిలిచి టీ తెమ్మంది.

"నాలుగేళ్లయ్యా! 'బాధ్యులెవరు' అనే ఫైలు ఖాళీగా పడుంది. పైవాళ్లకి ఏం చెప్పాలో తెలీక చస్తున్నాను. నువ్వు దేవుడిలా వచ్చావు. కూర్చో, కూర్చో."

ఆ రోజే ఆ ఫైలు మూసేశారు. సిబ్బందంతా వచ్చి బైండరుకి కరచాలనం చేశారు. శిక్ష సంగతి మేడమ్ నిబంధనలు చూసి తేల్చింది: సమాజంలో లేని వ్యక్తి మీద చర్య తీసుకోవడానికి వీల్లేదు.

"మరి ఆ పేజీ సంగతండీ?" అన్నాడు బైండరు.

"ఏ పేజీ?"

"నాలుగో పేజీ. అది మళ్లీ వేయించాలి కదండీ."

ఫైలు మూసేశాక కూడా సమస్య మిగిలి ఉంటుందని మేడమ్‌కి తట్టలేదు. అయినా మంచి మనిషి కాబట్టి జైలు ప్రెస్సుకి ఉత్తరం రాసింది. బైండరు విడుదలైనందున పని జరగదని వాళ్లు జవాబిచ్చారు. బైండరు సమాజంలో చేరినట్టు తమ వద్ద దాఖలా లేదనీ, కనుక అతను జైల్లోనే ఉండి ఉంటాడనీ, సరిగ్గా వెతకాలనీ కేంద్రం తిరిగి రాసింది. జైలు వారు రెండు రోజులు వెతికారు. (చిత్తశుద్ధితోనే వెతికారు. నీళ్ల ట్యాంకులో కూడా చూశారు.) దొరకలేదని విచారం తెలిపారు. ఈ ఉత్తరాలన్నీ అటూ ఇటూ మోసింది బంట్రోతు. పట్టుకెళ్లే ప్రతిసారీ, హాల్లో కూర్చున్న బైండరుకి దణ్ణం పెట్టి మరీ వెళ్లేవాడు.

పదో తేదీ వచ్చేసింది. బైండరు ఒక తెల్లకాగితం తీసుకుని నాలుగో పేజీ మొత్తం జ్ఞాపకం మీద రాసేశాడు. రెండు వేల కట్టలకి చుట్టినవాడికి అది కంఠతా రాకుండా ఎలా ఉంటుంది? పద్నాలుగో గడి: విడుదల నాడు వేసుకున్న చొక్కా రంగు. పదిహేడు: స్వేచ్ఛ పట్ల మీ అభిప్రాయం (ఒక్క మాటలో). పంతొమ్మిది: ఈ ఫారం ఎందుకు నింపుతున్నారు? ఇరవై రెండు: బయట మీ కోసం ఎవరైనా ఎదురుచూస్తున్నారా? ఉంటే రుజువు జతచేయండి.

మేడమ్ రెండుసార్లు చదివింది. "బాగానే ఉంది. కానీ అసలు పేజీ ఇదేనని ఎవరు చెప్పాలి?"

"నేను చూశానండీ."

"నువ్వు సమాజంలో లేవు కదయ్యా. నీ మాట ఎలా తీసుకుంటాం?"

మేడమ్ ఒక పూటంతా ఆలోచించింది. మనిషిగా అతన్ని ఉద్యోగంలో పెట్టుకోవడానికి లేదు. కానీ కార్యాలయానికి అవసరమైన సామగ్రిని సమకూర్చుకునే అధికారం తనకుంది. పదకొండో తేదీన బైండరుని స్టాకు రిజిస్టరులో ఎక్కించారు. పైన 'జిగురు సీసాలు, ఆరు'. కింద 'పిన్నులు, పెట్టెలు, రెండు'. మధ్యలో 'పేజీ నాలుగు, మనిషి రూపంలో, ఒకటి'. అతనికి ఒక బల్ల, ఒక కుర్చీ, కేంద్రం ముద్ర, ఇంకు ప్యాడు ఇచ్చారు. జీతం లేదు. సామగ్రికి జీతమేమిటి?

అతను రాసిన పేజీని జిరాక్సు తీసి పాత దరఖాస్తులన్నిటికీ జతచేయించారు. నింపి తెచ్చిన ప్రతి పేజీనీ బైండరు గడి గడీ సరిచూసి ముద్ర వేసేవాడు. ఎనిమిదేళ్లు వరస పేర్చిన చేతులు కాబట్టి ముద్ర సరిగ్గా మూలలో, తిన్నగా, సిరా చెదరకుండా పడేది. గుమాస్తా పక్కన నిలబడి మెచ్చుకునేవాడు. దర్జీ ఆవిడ ధ్రువపత్రం అందుకుని, కళ్లు తుడుచుకుని, కుర్చీ అతనికే వదిలేసి వెళ్లిపోయింది. పంతొమ్మిదో తేదీ సాయంత్రానికి మూడు వందల పదకొండు మందీ సమాజంలో చేరిపోయారు.

అప్పుడు బైండరు తన దరఖాస్తు తీశాడు. ఇరవై రెండో గడికి రుజువుగా, విడుదల రోజున జైలు వారు రసీదుతో సహా తిరిగిచ్చిన పాలపన్నుని కవరులో పెట్టి జతచేసి, మేడమ్ దగ్గరికి తీసుకెళ్లాడు.

ఆవిడ కవరు విప్పి చాలాసేపు చూసింది. "ఇంత గట్టి రుజువు ఎవరూ తేలేదయ్యా," అంది. ఆ తర్వాత ఆవిడ మొహంలో రంగు మారింది. "నీ నాలుగో పేజీ ఎవరు సరిచూడాలి?"

"నేనేనండీ."

"ఎవరి దరఖాస్తు వాళ్లే సరిచూడకూడదు. ఆరో నిబంధన."

"మరింకెవరైనా..."

"ఆ పేజీ ఇంకెవరికీ తెలీదు."

"పెండింగులో పెడదాం," అని మేడమ్ అతనికి టీ తెప్పించింది. సామగ్రికి టీ ఇచ్చే పద్ధతి లేదు. తన వంతు టీ ఇచ్చేసింది.

ఇరవయ్యో తేదీ మధ్యాహ్నం అక్క పిచ్చుకని వెంటబెట్టుకుని వచ్చింది. స్కూలు కౌంటరు నాలుగింటికి మూసేస్తారు. పిచ్చుక బల్ల మీద ఫారం పరిచి, అడుగున ఉన్న గమనిక మీద వేలు పెట్టింది.

"నాన్నా, నీది పూర్తయి పెండింగులో ఉందన్నావుగా? అయితే నువ్వు చేరలేదని ముద్ర వేసినవాళ్ల సంతకం చాలట. ముద్ర ఎవరి దగ్గరుంది?"

గుమాస్తా కిటికీ వదిలేసి వచ్చాడు. గమనిక మూడుసార్లు చదివి తలూపాడు. "చెల్లుతుంది. నిక్షేపంలా చెల్లుతుంది."

బైండరు పెన్ను తీశాడు. 'ఈ బాలిక తండ్రి ఇంకా సమాజంలో చేరలేదని ఇందుమూలంగా ధ్రువీకరించడమైనది' అని గుండ్రంగా రాసి, కింద సంతకం చేశాడు. సంతకం పక్కన ఇంకో గడి ఉంది: బాలికతో మీ సంబంధం. అక్కడ పెన్ను ఆగింది.

"ఏమీ లేదని రాయాలి," అన్నాడు గుమాస్తా మెల్లగా. "బంధువులైతే చెల్లదు."

అక్క మొహం తిప్పుకుంది. బైండరు 'ఏమీ లేదు' అని రాసి ముద్ర వేశాడు.

పిచ్చుక ఫారం తీసుకుని వెలుతురుకి పట్టి చూసింది.

"ముద్ర బాగా వేస్తావన్నారు. ఇదేంటి నాన్నా, వంకరగా పడింది? అలుక్కుపోయింది కూడా. ఒప్పుకోరేమో."

బైండరు ముద్రని ఇంకు ప్యాడు మీద గట్టిగా అద్ది, మళ్లీ వేశాడు. రెండోసారి తిన్నగా, స్పష్టంగా పడింది.