చేయి వణికే అల్లుడు

“అమ్మాయి లేచిపోతుందేమోరా తమ్ముడూ!”

తమ్ముడు గుమ్మంలో చెప్పులైనా విడవకముందే అక్క అనేసింది. అతను మీసం మెలేశాడు.

“అక్కా! ఈ బుర్ర పనిచేస్తున్నంత కాలం ఈ వీధిలోంచి చీమ కూడా లేచిపోలేదు. నేరం ఎక్కడుంటే నేనక్కడుంటా!”

అతను పగలు గొడుగుల కొట్లో గుమాస్తా, మిగతా వేళల్లో డిటెక్టివ్. వీధివాళ్లు భూతద్దం అంటారు. ఇంతవరకూ ఛేదించింది ఒకే ఒక్క కేసు, పక్కింటి పిల్లి మాయం. పిల్లి దానంతటదే ఇంటికొచ్చింది. నాలుగు పేజీల నివేదిక మాత్రం ఇతను రాశాడు.

“నాతో మాట్లాడి తొమ్మిది రోజులైందిరా,” అంది ఆవిడ. “మిక్సీ విప్పి ముందేసుకుని కూర్చుంటే, ఆడపిల్లకి ఈ పాడు పనులేంటే అని నాలుగు చీవాట్లు పెట్టాను. అంతే, మూతి బిగించేసింది. నాతో ఒక్క ముక్క లేదు గానీ, తలుపేసుకుని ఎవడితోనో ఒకటే మాటలు! ‘చివరిదాకా నాతోనే ఉండండి, మధ్యలో వదిలేసి వెళ్లిపోకండి’ అంటోంది. నా చెవులారా విన్నాను.”

“ఉండు అందా, ఉండండి అందా?”

“ఉండండి అనే అంది.”

“అయితే వయసులో పెద్దవాడు!”

భూతద్దం అమ్మాయి గదిలో చెత్తబుట్ట నేలమీద బోర్లించాడు. పై సగం చిరిగిపోయిన కాగితం ఒకటి దొరికింది. అమ్మాయి రాతే. బయటకు చదివాడు:

“బరువు అరకిలో లోపే. గంటసేపు ఆగకుండా పనిచేయాలి. తొందరగా వేడెక్కకూడదు. చేయి వణికినా పరవాలేదు. శనివారం నాలుగింటికి.”

“అరకిలో అంటే నీ నగలు.”

“నాకు అరకిలో ఎక్కడివిరా? మెళ్లో గొలుసు తప్ప!”

“లోపే అని రాసింది కదా! గంటసేపు ఆగకుండా పనిచేస్తాడు, కష్టజీవి. వేడెక్కడు, శాంతస్వభావుడు. ఇక చేయి వణకడం...” గొంతు తగ్గించాడు. “గుండె రాయి చేసుకో అక్కా. అల్లుడికి డెబ్బై దాటాయి.”

ఆవిడ ఉన్నచోటే కూలబడి కొంగు నోట్లో కుక్కుకుంది. ఏడుస్తూ ఏడుస్తూనే, పోనీ కోపం లేని మనిషి కదా అని మనసు ఒక మూల సర్దుకోబోతే, దాన్ని తనే కసురుకుంది.

“దాన్నే ఒక మాట అడిగితేనో?”

“నిందితురాలిని అడుగుతారా ఎక్కడైనా? పరిశోధన మొత్తం పాడైపోదూ!”

శనివారం నాలుగింటికి అమ్మాయి ముందు, పాతిక అడుగుల వెనక వీళ్లిద్దరూ. అమ్మాయి ఒక కెమెరాల షాపులోకి వెళ్లింది.

“ఫొటో తీయించుకుంటారు. దండలతో,” అన్నాడు భూతద్దం.

లోపల, దీపాలకి అడ్డంగా పెట్టే పెద్ద తెల్ల గొడుగు ఒకటి తెరిచి ఉంది. గొడుగుల మనిషి కదా, గభాలున దాని వెనక దూరి, ఒక పక్కనుంచి తల బయటపెట్టాడు. ఆవిడ అట్టపెట్టెల వెనక కూర్చుని తొంగిచూసింది. ముసలాయన ఎవరూ లేడు. కౌంటరు దగ్గర షాపావిడ ఒక్కతే, అరచేతిలో పట్టేంత కెమెరా చూపిస్తోంది.

“మొదటిసారి వీడియోలు తీస్తున్నావు కాబట్టి ఇది నీకు సులువమ్మా. మీటలతో తిప్పలు పడక్కర్లేదు. చేయి వణికినా బొమ్మ వణకదు. తెర నీవైపు తిప్పుకో. ముఖం ఎక్కడున్నా అదే వెతికి పట్టుకుంటుంది, చూడు.”

అమ్మాయి కెమెరా ఎదురుగా నిలబడింది. తెరమీద ఆమె ముఖం చుట్టూ ఆకుపచ్చ గడి పడింది. మరుక్షణం ఆమెను వదిలేసి వెనక్కి గెంతింది.

“ఇదేంటండీ, గొడుగుని పట్టుకుంది?”

“గొడుగుని కాదమ్మా,” అంది షాపావిడ కళ్లు చిట్లించి. “గొడుగు పక్కన మీసాలున్నాయి.”

అమ్మాయి వెనక్కి తిరిగింది. “మామయ్యా!”

ఇన్నేళ్ల అనుభవమున్న డిటెక్టివ్‌ని, మొదటిసారి వాడేవాళ్ల కోసం చేసిన కెమెరా అర నిమిషంలో పట్టేసింది. ఆ ఊపులోనే అట్టపెట్టెల మీదుగా ఆవిడ ముఖాన్నీ గడిలో బిగించింది.

“కేసు ఛేదించాను!” అంటూ భూతద్దం బయటికి దూకాడు. “ఎక్కడ ఆ ముసలాడు?”

“ఏ ముసలాడు? ఫ్యాన్లు, మిక్సీలు ఇంట్లోనే బాగుచేసుకోవడం నేర్పుతూ వీడియోలు పెడదామనుకున్నా మామయ్యా. చూసేవాళ్లని మధ్యలో పోవద్దనడం ఫోన్ ముందు సాధన చేస్తున్నా.”

“అంతా నేను ముందే ఊహించా,” అన్నాడతను.

“మా సరుకు పనితనం ఇంత బాగా ఎవరూ చూపించలేదండీ,” అంది షాపావిడ. “రోజూ వచ్చి దాక్కోండి.”

అట్టపెట్టెల వెనకనుంచి ఆవిడ మోకాళ్ల దుమ్ము దులుపుకుంటూ లేచింది. అమ్మాయి తల్లివైపు చూడలేదు.

“నిన్నొక్క మాట అడక్కుండా వీణ్ణి వేసుకుని తిరిగానే,” అంది ఆవిడ.

షాపావిడ కౌంటరు తుడిచిందే తుడుస్తోంది. భూతద్దం ఏదో అనబోయాడు గానీ, అక్క చూసిన చూపుకి మళ్లీ గొడుగు వెనక్కి వెళ్లిపోయాడు. ఆవిడ ఎన్నో అడగాలనుకుంది. నోటికి మాత్రం ఇదే వచ్చింది:

“విప్పేటప్పుడు ప్లగ్గు తీసే విప్పుతావు కదే?”

అమ్మాయి కెమెరా తెర మూసింది, మళ్లీ తెరిచింది.

“తీసే విప్పుతానమ్మా,” అంది. “మొదటి వీడియో దాని గురించే.”