సాంచెలు ఆగిన శనివారం

శనివారం మధ్యాహ్నం రెండు గంటల పది నిమిషాలకు ముంబై దగ్గరి భీవండి కామత్‌ఘర్‌లో సదానందం తన ఎనిమిది సాంచెలను ఆపాడు. కరెంటు ఉంది. సెలవు రోజు కాదు.

ఆ సందులో పద్నాలుగు షెడ్లు ఉన్నాయి. అన్నింటిలోనూ పవర్‌లూమ్ మగ్గాలు నడుస్తాయి. జగిత్యాల, కరీంనగర్ వైపు నుంచి వచ్చినవాళ్లు వాటిని సాంచెలనే అంటారు. కరెంటు ఉండగా, పనిరోజున, ఒక షెడ్డులో సాంచెలు ఆగాయంటే ఆ ఇంట్లో ఎవరో పోయారని అర్థం. పక్క షెడ్డువాళ్లు ముందు తమవి ఆపుతారు, ఎవరని తర్వాత అడుగుతారు. ఈ పద్ధతిని ఎవరూ రాసిపెట్టలేదు. నలభై ఏళ్లుగా ఎవరూ తప్పలేదు.

సదానందం ఆపింది కచేరీకి.

కచేరీ టిన్ హార్బర్ అనే ఇంగ్లండ్ బ్యాండుది. ముగ్గురు మనుషులు, డజను కీబోర్డులు. పాటంతా కరెంటు మీదే నడుస్తుంది. 1989లో సదానందానికి పందొమ్మిదేళ్లు. శాంతి నగర్‌లో ఒక షెడ్డులో రాత్రి పాళీ కూలీ. ఎవరో వదిలేసి వెళ్లిన క్యాసెట్టు అతని చేతికి వచ్చింది. సాంచెల చప్పుడులో ఏ పాటా వినబడేది కాదు. ఈ పాటలు వినబడ్డాయి. వాటి దెబ్బ, సాంచె దెబ్బ ఒకే వేగం మీద పడేవి. మాటలు అతనికి అప్పుడు అర్థం కాలేదు, ఇప్పుడూ కావు. క్యాసెట్టు పదకొండేళ్లు నడిచి తెగింది.

ఇప్పుడు ఆ ముగ్గురికీ డెబ్బై దగ్గర పడ్డాయి. ఇదే చివరి యాత్ర అని ప్రకటించారు. శనివారం సాయంత్రం ఏడున్నరకు ములుండ్ అవతల ఒక మైదానంలో పాడతారు. పక్కనే పూర్ణ అనే ఊళ్లో గోదాము ఆఫీసులో పనిచేసే కూతురు నమ్రత ఫోనులో రెండు టికెట్లు తీసింది. ఒకటి తండ్రికి, ఒకటి తల్లి మాలతికి. మాలతికి పాటలతో పని లేదు. ములుండ్‌లో ఒక చీరల దుకాణం చూడాలని ఉంది.

ఉదయం ఆరు గంటలకు వేసుకున్న ప్లాను ప్రకారం రెండింటికి సాంచెలు ఆపాలి, మూడింటికి ఆటో ఎక్కాలి, ఠాణేలో లోకల్ పట్టుకోవాలి, ఆరింటికల్లా కుర్చీలో ఉండాలి. యజమాని లేకుండా షెడ్డు నడవడం సదానందం ఎన్నడూ ఒప్పుకోలేదు. అందుకే ఆపాలనుకున్నాడు. ఎందుకు ఆపుతున్నాడో సందులో ఎవరికీ చెప్పలేదు. అతనికి యాభై ఐదేళ్లు. అక్కడి తెలుగు నేతవాళ్ల సమాజం కమిటీలో సభ్యుడు. ఇంగ్లీషు పాటలకు పోతున్నాడని తెలిస్తే కమిటీ ఏమంటుందో అతనికి తెలుసు, ఎందుకంటే ఇతరుల విషయంలో తనే అనేవాడు.

సాంచెలు నడిపే కనుకయ్యను ఇంటికి పొమ్మన్నాడు. కారణం చెప్పలేదు. కనుకయ్య సందులోకి వచ్చేసరికి పక్క షెడ్డు యజమాని సోమయ్య గడపలో నిలబడి ఉన్నాడు. అతని సాంచెలు అప్పటికే ఆగాయి. సోమయ్య సమాజానికి కార్యదర్శి. పెళ్లికీ చావుకూ మొదటి కబురు అతని ఫోను నుంచే వెళ్తుంది.

"ఎవలు?" అని అడిగాడు సోమయ్య.

"సేఠ్ ఏం చెప్పలే. పొద్దటిసంది మనిషి ఆగమాగమున్నడు. కూసుంటడు, లేస్తడు, గడియారం చూస్తడు."

సోమయ్య తువ్వాలు భుజాన వేసుకుని సదానందం ఇంటికి వెళ్లాడు.

లోపల సదానందం అద్దం ముందు ఉన్నాడు. ఒంటిగంటకు మీసానికి రంగు వేసుకున్నాడు. రంగు ఒకవైపు ఎక్కువ పట్టింది. సరిచేయడానికి ఆ వైపు కత్తిరించాడు. తర్వాత రెండో వైపు. ఏ రెండు వైపులూ సమానంగా రాలేదు. రెండు గంటల ఇరవై ఐదు నిమిషాలకు మొత్తం గీసేశాడు. పెళ్లైన నాటి నుంచి ఉన్న మీసం. తలుపు చప్పుడైతే వెళ్లి తీశాడు.

సోమయ్య ఎదుట మీసం లేని సదానందం నిలబడ్డాడు. ఆ సందులో యాభై దాటిన మగవాడు మీసం తీసేది తండ్రి పోయినప్పుడే. ఇక అడగవలసింది లేదు. సోమయ్య అతన్ని కౌగిలించుకుని ఏడ్చాడు.

సోమయ్యకు షుగరు ఉంది, మొన్ననే రిపోర్టులు వచ్చాయి. సదానందం ఆ సంగతే అనుకుని అతని వీపు నిమిరాడు. భయపడకు, అందరూ ఒకనాడు పోయేటోళ్లమే అన్నాడు. ఈ మాటతో సోమయ్యకు ఉన్న కాస్త అనుమానమూ పోయింది. బయటికి వెళ్లి, గత ఉగాదినాడు తీసిన సదానందం తండ్రి రాజలింగం ఫోటోను సమాజం వాట్సాప్ గ్రూపులో పెట్టాడు. కింద మూడు వాక్యాలు రాశాడు. రెండు గంటల నలభై నిమిషాలకు సందులో పద్నాలుగు షెడ్లూ ఆగిపోయాయి.

మాలతి చీర మార్చుకుని వచ్చేసరికి గడపలో పదిహేనుమంది ఆడవాళ్లు ఉన్నారు. ఒకామె మాలతి మెడ పట్టుకుని రాగం తీసింది. మాలతి ఏమైందని అడిగింది. నీకు ఇంకా చెప్పలేదా బిడ్డా అని ఆమె ఇంకా పెద్దగా ఏడ్చింది. ఏమైందో తెలుసుకునేసరికి పదినిమిషాలు పట్టింది. తెలిశాక మాలతి భర్తను పక్కకు లాగింది.

"మామ పోయిండంటున్నరు. మామ ఏడి?"

ఎనభై ఒక్కేళ్ల రాజలింగం ప్రతి శనివారం శాంతి నగర్‌లో పాత స్నేహితుడు భీమ్‌రావు షెడ్డుకు వెళ్తాడు. ఆ రోజూ వెళ్లాడు. ఫోను ఇంట్లో చార్జింగుకు పెట్టి ఉంది. భీమ్‌రావు ఫోను ఎత్తలేదు. సదానందం జనం ముందుకు వచ్చి తండ్రి బతికే ఉన్నాడని చెప్పాడు. ఎక్కడున్నాడని అడిగారు. చూపించలేకపోయాడు. మనిషి తట్టుకోలేక అట్లా మాట్లాడుతున్నాడని సోమయ్య చెప్పి, కుర్చీ తెప్పించి కూర్చోబెట్టి నీళ్లు తాగించాడు. సదానందం మూడుసార్లు లేచాడు. మూడుసార్లూ కూర్చోబెట్టారు. మూడున్నర అయింది. గోడ మీద గడియారాన్ని ఎవరో ఆచారం ప్రకారం తిప్పి పెట్టారు. అతను పక్కనున్నవాళ్ల చేతి గడియారాలు చూడసాగాడు.

నాలుగింటికి షామియానా లేచింది. నాలుగుంబావుకు ఇద్దరు వెదురు బొంగులు తెచ్చారు. పాడె కట్టడం సందులో ఒక్కరికే సరిగా వచ్చు. రాజలింగానికి. ఇప్పుడెవరు కట్టాలని చర్చ జరుగుతుండగా షేర్ ఆటోలో రాజలింగం దిగాడు. కామత్‌ఘర్‌లో చావైందని భీమ్‌రావు షెడ్డులో విన్నాడు. ఎవరిదో తెలియలేదు. దారిలో తెల్లగుడ్డ కొన్నాడు.

షామియానా తన గుమ్మం ముందు ఉండటం చూసి ఆగిపోయాడు. జనం అతన్ని చూసి రెండడుగులు వెనక్కి జరిగారు.

"నా కొడుకా?" అని అడిగాడు.

చెప్పవలసింది అది కాదు గనుక ఎట్లా మొదలుపెట్టాలో ఎవరికీ తోచలేదు. రాజలింగం అక్కడే కూలబడి కొడుకు పేరు పెట్టి ఏడ్చాడు. సదానందం జనాన్ని తోసుకుని వచ్చి, బాపూ నేనే అన్నాడు. మీసం లేని ముఖాన్ని తండ్రి కాసేపు పోల్చుకోలేదు. పోల్చుకున్నాక చెంప మీద ఒకటి కొట్టాడు.

"ఎవలు సచ్చిండ్రు మరి?"

"ఎవలు సావలే బాపు."

"సాంచెలు ఎందుకు ఆగినయ్?"

సదానందం చెప్పాడు. సందు మొత్తం వింది. క్యాసెట్టు సంగతి నుంచి మీసం దాకా చెప్పాడు. వెదురు పట్టుకున్న ఇద్దరూ దాన్ని గోడకు ఆనించారు. కమిటీలో పెద్దవాడొకడు, చావు లేకుండా సాంచెలు ఆపడం సందుకు మంచిది కాదన్నాడు. మిగతావాళ్లు తలలూపారు. సదానందం ఇక పోను, అందరూ మన్నించండి అన్నాడు. అప్పుడు అయిదయింది.

రాజలింగం తెల్లగుడ్డ మడిచి చంకలో పెట్టుకున్నాడు.

"నువ్వు పోకపోతే ఎట్లరా? పోకపోతే గీ పద్నాలుగు షెడ్లు నాకోసం ఆగినట్టే అయితది. పో. పాటలకే ఆగినయని రుజువు చెయ్యి."

కమిటీకి ఇది సబబుగా తోచింది. ఇందాక తలలూపినవాళ్లే వెళ్లిరమ్మన్నారు. మాలతి తాను రాలేనంది. ఇంట్లో అరవైమంది ఉన్నారు, టీ పొయ్యి మీద ఉంది. తన టికెట్టు మామకు ఇచ్చింది. రాజలింగం వద్దన్నాడు. మరి ఇంట్లో కూర్చో మామా అంది. నాకోసం ఏసిన షామియానా కింద నేనెట్ల కూసుంట అన్నాడు. ఆలోచించి టికెట్టు తీసుకున్నాడు.

సందు నిండా జనం, బయట రోడ్డు నిండా వాళ్ల బండ్లు. ఆటో లోపలికి రాలేదు. వచ్చిన బండి ఒక్కటే, సోమయ్య పిలిపించిన వైకుంఠ రథం. డ్రైవర్ దత్తు శవం ఎక్కడని మరాఠీలో అడిగాడు. రాజలింగం అది తానేనని మరాఠీలో చెప్పి ముందు సీట్లో ఎక్కాడు. సదానందం వెనక, పాడె పెట్టే పలక పక్కన బెంచీ మీద కూర్చున్నాడు.

మామూలుగా ఆ వేళ భీవండి నుంచి ములుండ్‌కు రెండు గంటలు పడుతుంది. వైకుంఠ రథానికి గంటా పది నిమిషాలు పట్టింది. లారీలు పక్కకు తప్పుకున్నాయి. రెండు చోట్ల పోలీసులు సెల్యూట్ చేశారు. సదానందం తల వంచుకుని ఉన్నాడు. చూసినవాళ్లు అతని మీద జాలిపడ్డారు.

ఆరున్నరకు ఇద్దరూ కుర్చీల్లో ఉన్నారు. సదానందం టికెట్టును నాలుగుసార్లు జేబులో నుంచి తీసి చూసి మళ్లీ పెట్టుకున్నాడు. ఏడు గంటల నలభై నిమిషాలకు ముగ్గురు ముసలివాళ్లు నల్లకోట్లలో వేదిక మీదికి వచ్చి తలా నాలుగు కీబోర్డుల ముందు నిలబడ్డారు. మొదటి పాట మొదలైంది. రెండో పాటకు సదానందం కాలు నేల మీద సాంచె దెబ్బలా పడసాగింది. క్యాసెట్టు రెండో వైపు మూడో పాటను ఎదుట వినడానికి అతను ముప్పై ఆరేళ్లు ఆగాడు. అది ఎప్పుడు వస్తుందో తెలియదు. రెండో పాట అయిపోతుండగా జేబులో ఫోను మోగింది.

అక్క ఓదెమ్మ. జగిత్యాల బస్టాండు నుంచి. సోమయ్య గ్రూపులో పెట్టినది తీసేశాడు. అప్పటికే అది ఊరు చేరింది. తండ్రికి ఏమీ కాలేదని మాలతి సాయంత్రమే ఆమెకు చెప్పింది. దూరాన ఉన్నవాళ్లకు చావును చావు అని ఎవరూ చెప్పరు, ఏమీ కాలేదు అనే చెబుతారు. ఓదెమ్మ ఆ మాట వినగానే బట్టలు సర్దుకుంది. ఎనిమిది గంటల బస్సుకు పన్నెండుమందితో నిలబడి ఉంది.

"బాపుకియ్యి. గొంతు వింటేనే నమ్ముత."

సదానందం ఫోను తండ్రికి ఇచ్చాడు. రాజలింగం నేనే బిడ్డా అని అరిచాడు. కచేరీలో మూడో పాట అందుకుంది. ఓదెమ్మకు దెబ్బ తప్ప ఏమీ వినబడలేదు.

"డప్పులు కొడుతున్నరు గదా తమ్మీ. అప్పుడే లేపుతున్నరా? నేను వచ్చేదాక ఆపుండ్రి."

సదానందం తండ్రిని బయటికి రమ్మన్నాడు. రాజలింగం రానన్నాడు. వేదిక వైపు నుంచి కళ్లు తిప్పకుండా, నడిమోడు ఒక్కడే నాలుగు మిషన్లు నడుపుతున్నడు, ఎట్లనో చూడనీ అన్నాడు. ఫోను తిరిగి ఇచ్చేశాడు. సదానందం ఒక్కడే లేచాడు. చప్పుడు తగ్గేదాకా నడిచాడు. గేటు దాటాక తగ్గింది.

ఇది కచేరీ అని అక్కకు చెప్పాడు. బాపు పాటలు వింటున్నాడని చెప్పాడు. బాపు పుట్టిన నాటి నుంచి పాటలకు పోలేదని ఓదెమ్మ అంది. అబద్ధమైనా అతికేట్టు చెప్పమంది. బస్సు హారన్ వినబడింది. ఫోను కట్టైంది. అప్పుడు ఎనిమిది గంటల రెండు నిమిషాలు.

సదానందం వెనక్కి తిరిగాడు. గేటు దగ్గర మనిషి చేయి అడ్డం పెట్టాడు. బయటికి పోయినవాళ్లకు మళ్లీ ప్రవేశం లేదు, టికెట్టు వెనక రాసి ఉందన్నాడు. రాసి ఉంది. లోపల తన తండ్రి ఉన్నాడని సదానందం చెప్పాడు. అయ్యాక వస్తాడని ఆ మనిషి చెప్పాడు. సదానందం గోడ వెంబడి నడిచి ఇంకో గేటు కోసం చూశాడు. ఇంకో గేటు దగ్గర ఇంకో మనిషి ఉన్నాడు. గోడ ఇవతల జనరేటర్లు ఉన్నాయి. వాటి చప్పుడులో పాట వినబడలేదు. ఒకసారి కూర్చున్నాడు, ఒకసారి నిలబడ్డాడు, మొదటి గేటుకు అయిదుసార్లు వచ్చాడు.

బ్యాండు పది గంటల అయిదు నిమిషాలకు ఆపింది. రాజలింగం చివరి పాట దాకా ఉన్నాడు.

ఆదివారం మధ్యాహ్నం ఒకటి నలభైకి ఓదెమ్మ పన్నెండుమందితో కామత్‌ఘర్‌లో దిగింది. సందులో సాంచెలన్నీ నడుస్తున్నాయి. రాజలింగం మంచం మీద కూర్చుని అన్నం తింటున్నాడు. ఆమె ఏడ్చి, ముఖం కడుక్కుని, ఇంతకీ నిన్న ఎక్కడికి పోయావని అడిగింది. ముగ్గురూ తన అసొంటి ముసలోళ్లేనని, రెండున్నర గంటలు నడిపినా ఒక్క పోగు తెగలేదని రాజలింగం చెప్పాడు. ఓదెమ్మ మొదటి నుంచి చెప్పమంది. అతను మూడో పాట నుంచి చివరి దాకా, చేతులు ఆడిస్తూ, ఒక్కో పాట చెప్పాడు.

సదానందం కూడా కూర్చుని విన్నాడు.