క్రమశిక్షణ గల గాలి

ఇన్నేళ్ళూ మంచాల మండలం గాలి ఊరికే వీచి ఊరికే పోయిందని, ఇకమీదట దాన్ని అలా పోనివ్వబోమని మంత్రి జగదీశ్వర్ ఇబ్రహీంపట్నం సభలో ప్రకటించారు. ఎండ పనిచేస్తోంది, వాన పనిచేస్తోంది, గాలి ఒక్కటే బాధ్యత లేకుండా తిరుగుతోందని ఆయన అన్నప్పుడు చప్పట్ల జోరుకు మైకు ఆగిపోయింది. నిజానికి ఆగింది కరెంటు. కానీ చప్పట్లు బాగా కొట్టిన మాట వాస్తవం.

మొదటి గాలిమర తాళ్ళకుంటకు మంజూరైంది. దాంతో ఊళ్ళో రేయింబవళ్ళు కరెంటు ఉంటుందట. డీసీఎం బండిలో సభకు తీసుకొచ్చిన ఆడవాళ్ళలో కూచున్న భూలక్ష్మి ఆ మాట విని ఒళ్ళో ఉన్న అంకితను గట్టిగా హత్తుకుంది. అంకితకు రెండేళ్ళు. చల్లగాలి తగిలినా దుమ్ము లేచినా ఛాతీలో పిల్లికూతలు మొదలవుతాయి. అప్పుడు మూతికి మాస్కు పెట్టి మిషన్‌తో మందు పొగ పట్టించాలని దవాఖానలో చెప్పి పంపారు. మిషన్ కరెంటుతో నడుస్తుంది. తాళ్ళకుంట కరెంటు ఆకాశంలో మొగులును చూస్తేనే పోతుంది. అందుకని భూలక్ష్మి బిడ్డ ముఖం ఒకసారి, బల్బు ముఖం ఒకసారి చూస్తూ బతుకుతోంది.

ఊళ్ళో గాలి ఎంతుందో కొలవడానికి జనార్దనరావు అనే అధికారి వనస్థలిపురం నుంచి వచ్చాడు. గుట్ట మీద కొలవాలని ఉత్తర్వు. గుట్ట మీదికి కారు పోదు. వడ్ల కొనుగోలు కేంద్రం దాకా పోతుంది, అక్కడ నీడ ఉంది, చాయ్ కూడా దొరుకుతుంది. దేశానికి గాలి ఎంత ముఖ్యమో అధికారి ఆరోగ్యమూ అంతే ముఖ్యం కనుక అక్కడే గుంజ పాతించి, దాని కొసన గిరగిరా తిరిగే గిన్నెల యంత్రం బిగించాడు.

అవి వడ్లు తూర్పారపట్టే రోజులు. తాలు పోకపోతే కేంద్రంలో వడ్లు తూకం వేయరు. గాలి కోసం చేట పట్టుకుని ఎదురుచూసే కాలం పోయింది. మనిషెత్తు మోటరు ఫ్యాను పెట్టి దాని ముందు వడ్లు జారవిడుస్తారు. ఆ ఫ్యాను భూలక్ష్మి మొగుడు శ్రీపాల్‌ది. కిరాయికి తిప్పుతాడు. గుంజ పాతింది సరిగ్గా దాని ఎదురుగానే. గిన్నెలు కంటికి కనపడకుండా తిరిగాయి.

శ్రీపాల్ మంచివాడు, ఉండబట్టలేకపోయాడు. "సార్, గది నా ఫ్యాను గాలి."

"మీ ఫ్యాను కూడా తిరుగుతోందా?" అన్నాడు జనార్దనరావు సంతోషంగా. "చూశారా, ఎంత గాలి ఉందో."

"అది కరెంటుతోని తిరుగుతది సార్."

"గాలిమర రానివ్వండి, దానికి ఆ కరెంటు బాధ కూడా తప్పుతుంది."

శ్రీపాల్ మళ్ళీ నోరు తెరవబోతుంటే సద్ది తెచ్చిన భూలక్ష్మి చెయ్యి పట్టి లాగింది. "నువ్వు ఊకో జర. సదువుకున్నోళ్ళకు తెల్వదా? నువ్వు ఏదో ఒకటి అని, రేపు వచ్చే కరెంటును ఎనుకకు మలుపుతవా?"

శ్రీపాల్ ఫ్యాను ఆపి సద్ది విప్పాడు.

కొలత పూర్తయ్యాక జనార్దనరావు ఇచ్చిన నివేదిక చూసి రాజధానిలో పెద్దలు ముక్కున వేలేసుకున్నారు. తాళ్ళకుంట గాలి పొద్దున పనివేళకు మొదలవుతుంది. మధ్యాహ్నం భోజనానికి ఆగుతుంది. తిని మళ్ళీ లేస్తుంది. పొద్దుగూకితే ఇంటికి పోతుంది. ఇంత క్రమశిక్షణ గల గాలిని తన సర్వీసులో చూడలేదని ఆయన రాశాడు. ఇది ఆఫీసులకు కూడా ఆదర్శమని మంత్రిగారు టీవీలో అన్నారు. తను సద్ది తీసుకుపోయే వేళకే గాలి కూడా అన్నానికి ఆగుతుందని తెలిసి భూలక్ష్మికి కొంచెం గర్వంగా అనిపించింది.

కొనుగోలు కేంద్రం పక్కనే రెండంతస్తుల ఎత్తున మూడు రెక్కల గాలిమర లేచింది. అప్పటికి వడ్ల సీజను అయిపోయింది. శ్రీపాల్ ఫ్యాను పశువుల కొట్టంలోకి పోయింది. గాలిమర తిరగలేదు.

"అలిగిన అల్లుని లెక్క నిలవడ్డది," అంది భూలక్ష్మి అత్త మణెమ్మ. "ఏం పెట్టాల్నో అడుగుండ్రి."

ప్రారంభోత్సవానికి ముందురోజు పార్టీ కార్యకర్త బాలేష్ వచ్చి రెక్కల కింద చాలాసేపు నిలబడ్డాడు.

"గాలేది సార్?"

"సెలవులో ఉన్నట్టుందండి," అన్నాడు జనార్దనరావు.

"మంత్రి వస్తుంటే సెలవేంది సార్? క్యాన్సిల్ జెయ్యుండ్రి." అని బాలేష్ అక్కడితో ఆగలేదు. ప్రజల మనిషి కనుక సమస్య ఎక్కడున్నా పరిష్కారం అక్కడే వెతుకుతాడు. నేరుగా శ్రీపాల్ ఇంటికి వచ్చాడు. "శ్రీపాలన్నా, నీ ఫ్యాను బయటికి తియ్యి. ఊరి ఇజ్జత్ నీ చేతుల ఉన్నది."

ఫ్యానును జేసీబీ తొండానికి కట్టి రెక్కల ఎత్తుకు లేపారు. జేసీబీ, ఫ్యాను కనపడకుండా, రెక్కల పైభాగం మాత్రం కనపడేంత ఎత్తున మంత్రిగారి ఫ్లెక్సీ అడ్డం కట్టారు. మోటరు వేసి చూస్తే ఫ్యాను మూలుగుతుందే తప్ప పుంజుకోవడం లేదు. ఇటు ఇండ్లనూ అటు ఫ్యానునూ ట్రాన్స్‌ఫార్మర్ మోయలేదని లైన్‌మన్ చెప్పాడు.

"అయితే ఇండ్లకు బంద్ చెయ్యి," అన్నాడు బాలేష్. "ఊరికి కరెంటు రావాల్నంటే ఊరు జరసేపు ఓర్సుకోవాలె గదా."

మర్నాడు మంత్రిగారు బటన్ నొక్కారు. ఫ్లెక్సీ వెనక శ్రీపాల్ స్విచ్ వేశాడు. గాలిమర తిరిగింది. జనం తలలెత్తి చూశారు. ఇంటింటికీ కరెంటు వచ్చేసిందని మంత్రిగారు చెబుతున్న సమయానికి భూలక్ష్మి ఇంట్లో స్విచ్ వేస్తూ తీస్తూ ఉంది. మంత్రిగారి కాన్వాయ్ లేపిన దుమ్ముకు అంకిత డొక్కలు ఎగరేస్తోంది. పిల్లికూతలు వాకిట్లోకి వినపడుతున్నాయి.

భూలక్ష్మి ఒక చంకన బిడ్డను, ఒక చంకన మిషన్‌ను పెట్టుకుని ఉరికింది. ఊళ్ళో కరెంటు ఉన్న చోటు ఒక్కటే. ఫ్లెక్సీ వెనక కొయ్యకు కట్టిన బోర్డుకు ఒకటే ప్లగ్గు. దాంట్లో ఫ్యాను ఉంది.

"పిల్ల దమ్ము తీస్తలేదు, చూడు," అంది శ్రీపాల్‌తో.

బాలేష్ అడ్డం వచ్చాడు. "వదినే, జరసేపు ఆగు. మంత్రి మాట్లాడుతుండు."

"నాదేముంది బాలేషూ, ఆగుత. పిల్ల ఆగుతదేమో నువ్వే అడుగు."

బాలేష్ పిల్లను చూశాడు. అడగకుండానే పక్కకు తప్పుకున్నాడు. శ్రీపాల్ ఫ్యాను వైరు పీకి మిషన్ వైరు పెట్టాడు.

వేదిక మీద మంత్రిగారు పిడికిలి బిగించి, "ఈ గాలిని ఆపే మొగోడు ఇంకా పుట్టలే," అన్నారు.

రెక్కలు మెల్లగా నిలిచిపోయాయి.

ఫ్లెక్సీ వెనకనుంచి మిషన్ గుర్రుమనడం ఒక్కటే వినపడుతోంది. జనార్దనరావు గడియారం చూసుకుని మంత్రిగారి చెవి దగ్గర వంగాడు. "భోజన విరామం సార్. నివేదికలో ఉంది."

మంత్రిగారి ముఖం వికసించింది. "గాలికే ఆకలైతే మనకు గాదా? పదుండ్రి." ఇంత చక్కటి ముగింపు ఏ ఉపన్యాసానికీ కుదరలేదని పెద్దలు అనుకున్నారు.

బిర్యానీ టెంటుకు దారి ఫ్లెక్సీ వెనకనుంచే. అక్కడ గాలిమర మొదలు దగ్గర మాస్కు పెట్టుకుని కూచున్న పిల్లను చూసి మంత్రిగారు ఆగారు. "ఎవలీ పాప?"

"తొలి లబ్ధిదారు సార్," అన్నాడు బాలేష్, రెప్ప కొట్టకుండా.

కెమెరాలు పరుగెత్తుకొచ్చాయి. మంత్రిగారు పిల్లను ఎత్తుకున్నారు. "మాస్కు ఊడకుండ సూడుండ్రి సార్," అని భూలక్ష్మి మిషన్ పట్టుకుని ఆయన వెంటే జరిగింది. అంకితకు అప్పటికి దమ్ము ఆడింది. మాస్కు పక్కకు నెట్టి ఆయన కండువా నోట్లో పెట్టుకుంది.

'గాలిమర పోసిన ఊపిరి' అని మరునాడు పేపర్లో ఫొటో పడింది. పథకం విజయవంతమైనందున తాళ్ళకుంట గాలిమరకు ఇంకో మూడు పెద్ద ఫ్యాన్లు మంజూరయ్యాయి. వాటిని చూసుకునే పని శ్రీపాల్‌కు ఇచ్చి, వాయుమిత్ర అని పేరు పెట్టారు. గాలిమరను చూసి నేర్చుకోవడానికి ఇప్పుడు జిల్లాల నుంచి బస్సుల్లో వస్తున్నారు. వచ్చినప్పుడల్లా తిప్పి చూపించాలి.

ఈ మధ్యాహ్నం రెండు బస్సులు వచ్చాయి, ఇండ్లకు కరెంటు పోయింది. భూలక్ష్మి అంకితను చాప మీద పడుకోబెట్టి, ఛాతీ మీద చెవి ఆనించి విన్నది. ఇంకా కూతలు లేవు. లేచి గోడకు తగిలించిన ఫొటో తీసింది. బాలేష్ ప్రేమగా అట్టకు అంటించి, పైన ప్లాస్టిక్ వేయించి ఇచ్చిన ఫొటో అది. మంత్రిగారు, పిల్ల, వెనక గాలిమర. దాంతో బిడ్డకు విసరసాగింది. మందపాటి అట్ట, గాలి బాగా వస్తోంది.

గడప దగ్గర మణెమ్మ చెమట తుడుచుకుంది. "జర ఇటు గూడ తిప్పు బిడ్డా," అంది.